మీకు తెలుసా? పిడికిలి బిగించకుండానే కాచుకోవచ్చు
కరీంనగర్ టవర్ సర్కిల్‌లోనో, ఆదిలాబాద్ బస్టాండులోనో ఎవరైనా మీదికొస్తే సినిమా హీరోలా పిడికిళ్లెత్తడం లొల్లిని పెంచుతుంది. 1882లో కానో జిగోరో నెలకొల్పిన జూడోలో మూల భంగిమ ‘షిజెన్‌తాయి’, అంటే సహజంగా నిలబడటమే. పాదాలు భుజాలంత ఎడం, మోకాళ్లు వదులు. వీధిలోనైతే ఒక కాలు కాస్త వెనక్కి పెట్టడం మేలు. బిగుసుకున్న ఒళ్లు చటుక్కున పక్కకు తప్పుకోలేదు.

చేతులు మాత్రం జేబుల్లో వద్దు. ఛాతీ ఎత్తున, అరచేతులు తెరిచి, “జర ఆగన్నా, లొల్లెందుకు” అన్నట్టు ఉంచాలి. చూసేవాళ్లకది బతిమాలడం, నిజానికి మొహానికి కాపలా! సీసీ కెమెరాలోనూ మీరు కయ్యానికి దిగినట్టు కనబడరు. ఇది చిన్న సంగతేం కాదు: 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ఆత్మరక్షణ హక్కునిచ్చినా, అవసరానికి మించి కొట్టడాన్ని ఒప్పుకోదు. సందు దొరికితే తప్పుకుని 112కి ఫోన్ చేయండి.