కాళ్లు దాచుకునే వారం

హైదరాబాద్ మారథాన్‌కు ఇంకా వారమే గడువు. నెలల తరబడి తెల్లవారుజామున నాలుగింటికే లేచి కేబీఆర్ పార్కు చుట్టూ, నెక్లెస్ రోడ్డు మీదా చెమటోడ్చినవాళ్లకు ఈ ఏడు రోజులు గడవడమే కష్టం. ఇన్నాళ్లూ పరుగు నేర్చుకున్న కాళ్లను ఇప్పుడు పట్టి కూర్చోబెట్టాలి.

రన్నర్లు దీన్ని టేపర్ అంటారు. చివరి రెండు మూడు వారాలు దూరం మెల్లగా తగ్గించుకుంటూ వస్తారు. ఇవాళ చేసిన గట్టి సాధన ఫలితం ఒంటికి అందాలంటే పది రోజులైనా పడుతుంది. ఆఖరి వారంలో పెట్టిన అదనపు పరుగు మారథాన్ జరిగే ఆదివారం నాటికి అలసటగానే మిగులుతుంది. ఈ లెక్క తెలియనివాళ్లు లేరు. అయినా బుధవారానికల్లా మోకాలి కింద ఎక్కడో లాగినట్టుంటుంది, ఒక్కసారి పాతిక కిలోమీటర్లు పరుగెత్తి చూసుకుందామా అనిపిస్తుంది. దయచేసి వద్దు. ఆ కోరికను దాటడం కూడా సాధనలో భాగమేనని నేను నమ్ముతాను.

అసలు పని వంటింట్లో ఉంది. కండరాలు, కాలేయం కలిసి దాచుకోగల పిండిపదార్థాల నిల్వ, గ్లైకోజెన్, సుమారు 500 గ్రాములు, అంటే దాదాపు 2,000 కేలరీలు. 42.195 కిలోమీటర్లు పరుగెత్తడానికి అంతకన్నా చాలా ఎక్కువే కావాలి. కొవ్వు ఉన్నా అది ఆ వేగంతో శక్తినివ్వలేదు. ముప్పయ్యో కిలోమీటరు దాటాక చాలామంది కాళ్లు ఒక్కసారిగా మొరాయించేది అందుకే. కాబట్టి చివరి ఒకటిన్నర, రెండు రోజులు కిలో బరువుకు 8 నుంచి 12 గ్రాముల చొప్పున పిండిపదార్థాలు తినాలంటారు. అరవై కిలోల మనిషికి రోజుకు కనీసం 480 గ్రాములు. కప్పు అన్నంలో ఉండేది 45 గ్రాములే. ఒక్క పూటలో కుక్కితే కుదరదు. ఇడ్లీ, మెత్తని అన్నం, అరటిపండ్లు, బెల్లం, పెరుగన్నం... రోజంతా కొంచెం కొంచెంగా పడాలి. పప్పు, గోంగూర, ఆవకాయ శుక్రవారం నుంచే పక్కన పెట్టాలి. పీచు, నూనె, కారం ఆదివారం దారిలో కడుపును ఇబ్బంది పెట్టవచ్చు. శనివారం తూకంలో కిలో ఎక్కువ కనిపిస్తే కంగారు వద్దు, ప్రతి గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది.

ఇంకో మాట. ఆగస్టులో జరిగే ఈ పరుగు తరచూ శ్రావణమాసంలోనే పడుతుంది. శనివారాలు ఒక్కపొద్దు ఉండే ఇళ్లు మనకు చాలానే ఉన్నాయి. ఆ ఒక్క శనివారం సంగతి అమ్మతోనో అత్తగారితోనో ముందే మాట్లాడుకోవాలి.

నీళ్ల విషయంలో భయం రెండు వైపులా ఉంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువ ఉంది. పరుగులో బరువు పెరిగేంతగా తాగినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువ. మన ఉక్కపోతలో చెమట ధారలు కడుతుంది, నిజమే. అయినా దాహాన్ని బట్టి తాగాలి, ముందురోజు బిందెలకొద్దీ తాగి నిల్వ చేసుకోలేం.

పరుగుకు ముందు జరిగే ఎక్స్‌పోలో బిబ్, అంటే చొక్కాకు పెట్టుకునే నంబరు కాగితం, తీసుకుని తిరిగొచ్చేటప్పుడు ఓసారి కొత్త సాక్సులు కొనుక్కుని, అవే వేసుకుని పరుగెత్తాను. పద్దెనిమిదో కిలోమీటరుకు మడమ మీద బొబ్బ లేచింది, మిగిలిన దారంతా కుంటుతూనే సాగింది. అప్పటినుంచి షూ, చొక్కా, జెల్, ఏదైనా సరే లాంగ్ రన్‌లో వాడి చూసిందే ఆదివారం నాతో వస్తుంది. గోళ్లు గురువారానికే తీసేస్తాను.

వీలైతే ఓ సాయంత్రం బండి మీద దారి చూసి రండి. పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తులు ఉన్నాయి. చదునైన దారిలో కుదిరిన వేగం అక్కడ కుదరదు.

శనివారం రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. శుక్రవారం రాత్రి బాగా పడుకుంటే ఆ లోటు అంతగా బాధించదు. పడుకోబోయే ముందు బిబ్‌కు నాలుగు పిన్నులూ పెట్టాక దాన్ని వెనక్కి తిప్పండి. రక్తం గ్రూపు, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి అన్న గడులు చాలామంది ఖాళీగా వదిలేస్తారు. తడికి చెదరని పెన్నుతో నింపండి. ఆ నంబరు ఎవరిదో వాళ్లకు చెప్పి, పొద్దున ఫోన్ సైలెంట్‌లో పెట్టొద్దనండి.