గేటు దగ్గర ఏం చెప్పాలి?

పిల్లలూ, హైదరాబాదులో గోల్నాక అనే పేట ఉన్నది. అక్కడికి పట్టుమని ఐదు మైళ్ళయినా లేని దూరంలో తార్నాక ఉన్నది. నాకా అంటే దారిలో వచ్చేపోయేవారిని ఆపి తనిఖీ చేసే చోటు. ఆ నాకాలు ఏనాడో పోయి పేర్లు మాత్రం మిగిలాయి. అయితే గోల్నాక నుంచి తార్నాకకు పోయే వైపున ఉస్మానియా విశ్వవిద్యాలయమూ, దాని చుట్టుపక్కల పెద్ద పెద్ద పరిశోధనాలయాలూ ఉన్నాయి. వాటి గేట్లు ఇప్పటికీ నాకాలే!

గోల్నాకలో తొమ్మిదో తరగతి చదివే కుర్రవాడు ఒకడు సెలవుల్లో బస్సెక్కి వచ్చి అలాంటి గేటు ముందు నిలబడ్డాడనుకోండి.

"ఎవరు కావాలె బాబూ?" అని కావలివాడు అడుగుతాడు.

"లోపల ఏదైనా పని నేర్చుకుందామని వచ్చానండీ," అంటాడు కుర్రవాడు.

"ఎవరి దగ్గర? ఏం పని?"

దీనికి కుర్రవాడి దగ్గర జవాబు లేదు. మరో బస్సెక్కి ఇంటికి పోతాడు. కావలివాణ్ణి తప్పుపట్టి లాభం లేదు. అతను అడగవలసిన ప్రశ్నే అడిగాడు.

ఇంట్లోవాళ్ళు లోపల ఉద్యోగం చేస్తూ ఉంటే ఈ ప్రశ్న రాదు. వైను బప్పుగారి సంగతి చూడండి. నవాబు జఫర్ జంగ్ సొంత డబ్బుతో పెట్టిన నిజామియా వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. అది బేగంపేటలో ఉండేది. గాజుపలకల మీద ఆకాశాన్ని ఫొటోలు తీసి, ఒక్కొక్క చుక్క ఎక్కడ ఉన్నదో కొలిచి, 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను అక్కడివారు పట్టికలుగా రాశారు. ఏళ్ళ తరబడి సాగిన పని! బప్పు తండ్రి ఆ వేధశాలలో ఉద్యోగి. 1927లో పుట్టిన బప్పుకు దుర్భిణి ఆటవస్తువంత దగ్గరలో ఉండేది.

కాని దుర్భిణి దగ్గరలో ఉన్నంతమాత్రాన ఎవరూ జ్యోతిశ్శాస్త్రజ్ఞులు కారు. బప్పు పట్టుకున్నది చరకాంతి తారలను. కొన్ని నక్షత్రాల వెలుగు ఒకే తీరుగా ఉండదు, పెరిగి తరుగుతూ ఉంటుంది. ఆల్గాల్ అనే తార దాదాపు 2 రోజుల 21 గంటలకొకసారి మసకబారి, మళ్ళీ తేరుకుంటుంది. దీన్ని చూడటానికి దుర్భిణి కూడా అక్కర్లేదు. పక్కనున్న నిలకడ చుక్కలతో పోల్చి, ఎంత వెలుగుగా ఉన్నదో అంచనా కట్టి, తేదీ, గంట, నిమిషం వేసి రాసుకోవాలి. ఒక రాత్రి రాస్తే అది వట్టి అంకె. వంద రాత్రులు రాస్తే అది శాస్త్రం. బప్పు కాలేజీ విద్యార్థిగా ఉండగానే ఇలాంటి పరిశీలనలను వ్యాసాలుగా ప్రకటించాడు. తరువాత హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థివేతనంతో అమెరికాలోని హార్వర్డుకు వెళ్ళాడు. 1949 జులై 2న అక్కడ తాను తీసిన ఫొటో పలక మీద ఒక కొత్త తోకచుక్కను కనిపెట్టాడు. దానికి బప్పు-బాక్-న్యూకర్క్ అని పేరు వచ్చింది. తమిళనాడులో కావలూరు వద్ద ఉన్న 2.34 మీటర్ల పెద్ద దుర్భిణికి ఇప్పుడు ఆయన పేరే ఉన్నది.

"మా నాన్న వేధశాలలో లేడే!" అని మీరనవచ్చు. న్యాయమే. లోపల ఎవరూ లేనివాడి కథ కూడా వినండి.

లండనులో మైకేల్ ఫారడే అనే కమ్మరివాని కొడుకు 14వ ఏట పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనికి కుదిరాడు. బైండుకు వచ్చిన పుస్తకాలనే చదివి, విజ్ఞానశాస్త్రం మీద మోజు పెంచుకున్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్షుడికి తనను ఏదైనా పనిలో పెట్టుకోమని ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు. 1812లో దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి ఇచ్చిన టిక్కెట్లతో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగు విన్నాడు. విన్నదంతా బొమ్మలతో సహా శుభ్రంగా రాసి, తన చేతులతోనే బైండు చేసి, డేవీకి పంపాడు. ఈసారి పిలుపు వచ్చింది. ఖాళీ లేదని డేవీ మొదట పంపివేశాడు గాని, కొద్ది నెలల్లోనే ఖాళీ ఏర్పడింది. 1813 మార్చిలో ఫారడే ప్రయోగశాలలో చేరాడు. విద్యుత్తును పుట్టించే డైనమోకు మూలసూత్రం 1831లో కనిపెట్టినది ఈ ఫారడేనే.

రెండు ఉత్తరాలూ ఒకే కుర్రవాడు రాసినవి. మొదటిదానిలో కోరిక ఒక్కటే ఉన్నది. రెండోదానితో పాటు పని కూడా ఉన్నది.

మరి మీరు ఏం పట్టుకుపోతారు? తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. అది 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాదు వచ్చింది. జనం ఏం తింటున్నారో తెలుసుకోవడానికి ఆ సంస్థవారు ఊళ్ళల్లో ఇళ్ళకు వెళ్ళి, "నిన్న పొద్దుటి నుంచీ ఏమేమి తిన్నారు?" అని అడిగి, కొలత గిన్నెలు చూపించి ఎంత తిన్నదీ రాసుకునేవారు. ఈ పని మీరూ మీ తరగతిలో చెయ్యవచ్చు. మధ్యాహ్నం ఎవరెవరు ఏం తిన్నారో పన్నెండు రోజులు రాయండి. కాని పేర్లు రాయకండి, అంకెలు వెయ్యండి. డబ్బాలో వట్టి పచ్చడి మెతుకులే తెచ్చుకున్న పిల్ల తన పేరు కాగితం మీద చూసి సిగ్గుపడకూడదు. చెప్పడం ఇష్టం లేనివారిని అడగవద్దు.

అది నచ్చకపోతే వాన కొలవండి. అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న గాజుపాత్రను చెట్టుకూ గోడకూ దూరంగా డాబా మీద పెట్టి, నీరు ఎన్ని మిల్లీమీటర్లు నిలిచిందో రోజూ ఉదయం 8.30కి చూడండి. వాతావరణశాఖవారు చూసేదీ ఆ వేళకే. లేదా విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక చెట్టును ఎన్నుకొని, వారానికొకసారి వెళ్ళి చిగురు, పువ్వు, కాయ రాసుకోండి. ఇలాంటి లెక్కలను దేశమంతటా బడిపిల్లల చేత సేకరింపచేసే సీజన్‌వాచ్ అనే పథకం కూడా ఉన్నది.

నోటుబుక్కు నిండిన తరువాత ఉత్తరం రాయండి. అది ఇలా ఉండవచ్చు:

"అయ్యా, నమస్కారములు. నేను గోల్నాకలో తొమ్మిదవ తరగతి చదువుతున్నాను. మా తరగతిలో 38 మందిమి మధ్యాహ్నం ఏమి తింటామో 12 రోజులు రాశాను. ఆ పట్టిక జతపరిచాను. ఎంత తిన్నామో కొలవడం నాకు చేతకాలేదు. తమ సంస్థలో దీనిని ఎలా కొలుస్తారో దసరా సెలవులలో రెండు రోజులు చూడటానికి అనుమతి ఇవ్వగోరుతున్నాను. ఏదైనా పని చెబితే చేస్తాను. మా ప్రధానోపాధ్యాయులవారి ఉత్తరం కూడా ఉన్నది."

చూశారా? ఎవరి దగ్గర, ఏం పని, ఎన్ని రోజులు అన్నీ ఇందులో ఉన్నాయి. "నాకు సైన్సు అంటే ప్రాణం" అని రాయలేదు. అది అందరూ రాసేదే. జవాబు రాకపోతే పది రోజులాగి మరొక్కసారి రాయండి, ఇంకొక చోటికి కూడా రాయండి. ప్రధానోపాధ్యాయుణ్ణి కలుపుకోవడం చాలా అవసరం. 2017లో మొదలైన జిజ్ఞాస అనే కార్యక్రమం కింద కేంద్ర పరిశోధనాలయాల వారు బడిపిల్లలను లోపలికి పిలుస్తున్నారు. అది బడుల ద్వారానే నడుస్తుంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల నడుమ పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటివారి దగ్గర పని నేర్చుకోమన్నది. మీ బడిలో ఆ పది రోజులు ఎప్పుడని అడగండి.

వడ్రంగి అన్నానని నవ్వకండి. 1966లో కొఠారీ కమిషను చదువులో పని అనుభవం ఒక భాగం కావాలని చెప్పినప్పుడు ప్రయోగశాలలను మాత్రమే తలుచుకోలేదు, పొలాన్నీ కార్ఖానానూ కూడా తలుచుకున్నది. మోటారుకు తీగ చుట్టే దుకాణంలో కూర్చుంటే ఫారడే కనిపెట్టిన సంగతి కంటికి కనిపిస్తుంది. తీగ ఎన్ని చుట్లు చుట్టారో లెక్కపెట్టి రాసుకోండి.

అయితే ఒక హెచ్చరిక. నేర్చుకోవడం వేరు, కూలికి పోవడం వేరు. 2016లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏళ్ళు నిండనివారిని పనిలో పెట్టుకోవడం నేరం. 18 నిండేదాకా ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. బడి మానుకొని రమ్మన్నా, యంత్రం దగ్గర ఒంటరిగా వదిలినా, ఇంట్లో చెప్పవద్దన్నా అక్కడ ఉండకండి. అనుభవపత్రం ఇస్తామని డబ్బు అడిగేవారి ఛాయలకు పోవద్దు. లోపలికి రానిచ్చినా మొదటి రోజునే మీ చేతికి ఆమ్లాలు ఇవ్వరు. సీసాలకు చీటీలు అంటించమంటారు, అంకెలు ఎత్తి రాయమంటారు. తప్పు లేకుండా ఎత్తి రాయడం చిన్న పని కాదు. నిజామియా వేధశాల నడిచినది దానిమీదనే!

ఉత్తరం దేనికి, ఎవరికి రాయాలో ఇంకా తోచడం లేదా? కేంద్ర పరిశోధనా మండలి 1942 సెప్టెంబరు 26న ఏర్పడింది. ఏటా ఆ తేదీ దరిదాపుల్లో తార్నాకలోని రసాయన పరిశోధనాలయం, హబ్సీగూడలో జీవకణాలను పరిశోధించే సంస్థ, భూమి లోపలి సంగతులు చూసే సంస్థ సాధారణంగా ఒక రోజు అందరికీ తలుపులు తెరుస్తాయి. ఏ రోజో ముందుగా కనుక్కోండి. ఆ రోజున శాస్త్రజ్ఞులు తమ పరికరాల పక్కన నిలబడి అడిగినవారికల్లా చెబుతారు. మీ నోటుబుక్కు వెంట తీసుకుపోండి. మీకు చెప్పినవారి పేరు, విభాగం రాసుకోండి. మధ్యాహ్నానికి రద్దీ ఎక్కువవుతుంది. గేటు తెరిచే వేళకే అక్కడ ఉండండి.