తీర్పు పొడిచిన పచ్చబొట్టు

అమెరికాలో చదువుకుంటున్న తెలుగు పిల్లలెవరో షాపులో బిల్లు కట్టకుండా సరుకు పట్టుకెళ్తూ దొరికిపోయారని పేపర్లో వస్తే, ఇక్కడ టీకొట్టు దగ్గర ఒక మాట ఖాయంగా వినిపిస్తుంది: "జరిమానా పారేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమా!" జరిమానా పారేస్తే పోదు. జైలుకెళ్లి వచ్చినా పోదు. శిక్ష అయిపోయిన మర్నాడు ఉద్యోగం కోసం దరఖాస్తు ఫారం చేతిలోకి తీసుకున్నప్పుడు గానీ అసలు కథ మొదలుకాదు.

అమెరికా చట్టం పెద్ద నేరాలకు వాడే ఫెలనీ అనే మాట వినగానే హత్యలూ దోపిడీలే అనుకుంటారు మనవాళ్లు. స్థూలంగా చెప్పాలంటే, ఏడాదికి మించి జైలుశిక్ష పడే వీలున్న నేరం ఏదైనా అక్కడ ఫెలనీయే. కాలిఫోర్నియాలో 950 డాలర్లు దాటిన సొత్తు దొంగిలిస్తే ఆ కేసు పెట్టొచ్చు. ఒక ఖరీదైన ఫోను చాలన్నమాట. 2010 నాటి లెక్కలతో పరిశోధకులు వేసిన అంచనా ప్రకారం, ఫెలనీ శిక్ష పడ్డ అమెరికన్లు సుమారు కోటీ తొంభై లక్షల మంది. వయోజనుల్లో దాదాపు 8 శాతం. వీళ్లంతా హంతకులే అయితే ఆ దేశంలో శవాలు మోయడానికి మనుషులు మిగలరు.

మరి వీళ్లకు పని దొరుకుతుందా? డేవా పేజర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ ప్రశ్నకు జవాబు రాబట్టిన తీరు డిటెక్టివ్ నవలకు తీసిపోదు. 2001లో ఆమె మిల్వాకీ నగరంలో నలుగురు కాలేజీ కుర్రాళ్లను కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చింది. ఇద్దరు తెల్లవాళ్లు, ఇద్దరు నల్లవాళ్లు. అందరూ ఇరవై మూడేళ్ల వాళ్లు. మాటతీరు, చదువు, అనుభవం అన్నీ కాగితం మీద ఒకేలా ఉండేట్టు తీర్చింది. తెల్ల జంట ఒక వరస యజమానుల దగ్గరికి, నల్ల జంట మరో వరస యజమానుల దగ్గరికి వెళ్లేవారు. జంటలో ఒకడు మాత్రం కొకైన్ అమ్మజూపిన కేసులో పద్దెనిమిది నెలలు జైల్లో ఉన్నట్టు చెప్పుకోవాలి. కేసూ లేదు, జైలూ లేదు, అంతా కల్పితం. పైగా ఆ లేని నేరాన్ని ఇద్దరూ వంతులవారీగా మోసేవారు. ఈ వారం ఒకడు మాజీ ఖైదీ, వచ్చే వారం రెండోవాడు. 'వాడి మొహంలో ఏదో తేడా ఉందండీ' అని ఏ యజమానీ తప్పించుకునే వీలు లేకుండా వేసిన ఎత్తు ఇది.

350 మంది యజమానుల దగ్గరికి వెళ్లారు. హోటల్లో సర్వర్, గోడౌన్‌లో కూలీ, డ్రైవరు లాంటి కొలువులే. ఏ నేరమూ లేని తెల్ల కుర్రాడికి 34 శాతం చోట్ల నుంచి మళ్లీ పిలుపొచ్చింది. అదే కుర్రాడు నేరం ఉందని చెప్పుకుంటే 17. నేరమే లేని నల్ల కుర్రాడికి 14. నేరం ఉన్న నల్ల కుర్రాడికి 5. మధ్యనున్న రెండంకెలు ఇంకోసారి చదవాలి. జైలుకెళ్లొచ్చానన్న తెల్లవాడికి, ఏ మచ్చా లేని నల్లవాడికంటే ఎక్కువ పిలుపులొచ్చాయి. 2003లో ఈ ఫలితాలు అచ్చయ్యాక నేరచరిత్ర మీద మాట్లాడే వాళ్లెవరూ వీటిని దాటుకుని పోలేకపోయారు.

నేరచరిత్రకు పచ్చబొట్టుకంటే దగ్గరి పోలిక దొరకదు. పొడిచేది ఒక్క పూట, మోసేది జీవితాంతం. వేసుకున్నప్పటి మనిషి మారిపోతాడు, బొట్టు మారదు. చూసేవాడికి కనపడేది బొట్టే. పైగా దాన్నిబట్టి మనిషి రేపేం చేస్తాడో కూడా చెప్పేస్తుంటారు. మన జ్యోతిష్కులు జాతకంలో 'బంధన యోగం' చూసి జైలు రాసిపెట్టి ఉందని చెబుతారు కదా, అక్కడ ఆ పని బ్యాక్‌గ్రౌండ్ చెక్ కంపెనీలు చేస్తాయి. ఒకరు గ్రహాలు చూస్తారు, ఇంకొకరు పాత కోర్టు కాగితాలు చూస్తారు. కాగితాల్లో కనీసం నిజంగా జరిగినది ఉంటుంది.

పచ్చబొట్టును తీయడానికి లేజరు వాడతారు. కాంతి చర్మం కిందికి దిగి సిరా రేణువులను చితక్కొడుతుంది. ఆ తునకలను ఒంట్లోని రక్షక కణాలు మెల్లగా మోసుకుపోతాయి. ఒక్క దఫాలో పోదు, వారాల తరబడి ఎడం ఇస్తూ మళ్లీ మళ్లీ కొట్టాలి. నలుపు తొందరగా లొంగుతుంది, ఆకుపచ్చ మొండికేస్తుంది. నేరచరిత్రను చెరిపే చట్టాల కథా ఇంతే. కోర్టులో నిలవని కేసులు ముందుగా చెరుగుతాయి, హింస ఉన్నవి చివరిదాకా కదలవు.

మొదట కొట్టిన లేజరు పేరు 'బ్యాన్ ద బాక్స్'. ఎప్పుడైనా శిక్ష పడిందా అని అడిగి టిక్కు పెట్టమనే గడి దరఖాస్తు ఫారంలో ఉండేది. దాన్ని తీసేయమన్నదే ఉద్యమం. 1998లో హవాయి రాష్ట్రం దారి చూపింది, తర్వాత చాలా రాష్ట్రాలు నడిచాయి. ఇక్కడే కథ అడ్డం తిరిగింది. అమాండా ఆగన్, సోంజా స్టార్ అనే ఇద్దరు పరిశోధకులు న్యూజెర్సీ రాష్ట్రంలో, న్యూయార్క్ నగరంలో గడి తీసేయకముందూ తీసేశాకా దాదాపు 15,000 కల్పిత దరఖాస్తులు పంపి చూశారు. గడి ఉన్న కంపెనీల్లో తెల్లవాళ్లకు నల్లవాళ్లకంటే 7 శాతం ఎక్కువ పిలుపులు వచ్చేవి. గడి పోయాక ఆ తేడా 43 శాతానికి ఎగబాకింది. అడగొద్దంటే యజమానులు ఊహించడం మొదలెట్టారు, అది కూడా పేరును బట్టి. ఇంటిపేరు చూసి కులం లెక్కగట్టే మనవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

అంటే మరక మీద గుడ్డ కప్పితే చాలదు. కాలం సంగతి కూడా పట్టించుకోవాలి. 1980లో న్యూయార్క్ రాష్ట్రంలో అరెస్టయిన వాళ్ల రికార్డులను ఆల్ఫ్రెడ్ బ్లమ్‌స్టీన్, కిమినోరి నకమురా ఏళ్ల తరబడి వెంబడించి చూశారు. పద్దెనిమిదేళ్లకు దోపిడీ కేసులో దొరికినవాడు ఆ తర్వాత సుమారు 7.7 ఏళ్లు ఏ గొడవా లేకుండా గడిపితే, మళ్లీ అరెస్టయ్యే అవకాశం అదే వయసు మామూలు జనంతో సమానమైపోయింది. మనిషి మీద సిరా వెలిసిపోయినా, కంపెనీ కంప్యూటర్లో మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుందన్నమాట. రికార్డు మూయించుకునే హక్కు చాలాచోట్ల ఉన్నా వకీలు, ఫీజు, వాయిదాలు అనేసరికి జనం జంకుతారు. మిషిగన్‌లో అర్హుల్లో అయిదేళ్లలోపు ఆ పని చేయించుకున్నవాళ్లు 6.5 శాతమేనని ఒక అధ్యయనం తేల్చింది. అందుకే పెన్సిల్వేనియా 2018లో కంప్యూటరే దానంతటది రికార్డును మూసేసే చట్టం తెచ్చింది. మొదట చిన్న కేసులకే, 2023 సవరణతో కొన్ని మాదకద్రవ్యాల ఫెలనీలకు కూడా.

ఇక పని ఇచ్చేవాళ్ల సంగతి. న్యూయార్క్ పక్కన యాంకర్స్ ఊళ్లో గ్రేస్టన్ బేకరీ ఉంది. 1982లో బెర్నీ గ్లాస్‌మన్ అనే జెన్ గురువు పెట్టింది. బెన్ అండ్ జెర్రీస్ ఐస్‌క్రీముల్లో పడే బ్రౌనీలు అక్కడివే. కొలువు కావాలంటే జాబితాలో పేరు రాసి రావాలి, అంతే. ఖాళీ వచ్చినప్పుడు వరసలో తర్వాతి వాళ్లను పిలుస్తారు. పాత చరిత్ర అడగరు. లాస్ ఏంజెలెస్‌లో జెసూట్ ఫాదర్ గ్రెగరీ బాయిల్ మొదలుపెట్టిన హోంబాయ్ ఇండస్ట్రీస్‌లో జైలు నుంచి వచ్చిన గ్యాంగు కుర్రాళ్లు రొట్టెలు కాలుస్తారు. అక్కడే మొహం మీదా మెడ మీదా ఉన్న గ్యాంగు పచ్చబొట్లను ఉచితంగా లేజరుతో తీస్తారు. అక్కడ పచ్చబొట్టు పోలిక కాదు, నిజం పచ్చబొట్టే.

కాలిఫోర్నియా అడవులు తగలబడినప్పుడు ఖైదీలు వెళ్లి మంటలార్పుతారు. 2025 జనవరి నాటికి వాళ్ల కూలి రోజుకు సుమారు 5.80 నుంచి 10.24 డాలర్లు, మంటల దగ్గర గంటకు ఇంకో డాలరు. విడుదలయ్యాక ఆ ఫైర్‌మన్ పనికే లైసెన్సు అడ్డుపడేది. 2020లో చేసిన చట్టంతో అలాంటివాళ్లు కోర్టును ఆశ్రయించి శిక్షను చెరిపించుకోవచ్చు.

ఇదంతా అమెరికా వాళ్ల తలనొప్పి అనుకుంటే పొరపాటు. శిక్ష మాట అటుంచి, నేరం కూడా చేయకుండానే పచ్చబొట్టు పొడిపించుకున్న ఊరు మనకుంది. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టాల కింద ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి చవగ్గా కూలీలు దొరికారు. 1952లో ఆ చట్టాలు రద్దయినా 'పుట్టుదొంగలు' అన్న మూఢనమ్మకం రద్దవలేదు. కవి జాషువా కూతురు హేమలత, నాస్తికవాది గోరా కొడుకు లవణం దంపతులు డెబ్బైల్లో అక్కడికి వెళ్లి, ఇంటింటికీ తిరిగి ఆ ముద్ర చెరపడానికి ఏళ్లు ధారపోశారు. నేరం రక్తంలో ఉంటుందనే పెద్దలు ఇప్పటికీ అడపాదడపా తగులుతుంటారు. హైదరాబాద్ చంచల్‌గూడ జైలు పక్కన జైళ్లశాఖ బంకులో వీళ్లు పెట్రోలు పోయించుకుంటే, పైపు పట్టుకున్న ఖైదీ చిల్లర సరిగ్గానే లెక్కబెట్టి ఇస్తాడు.

దాచేస్తే పోలా అనేవాళ్లకు ఒక మాట. ప్రభుత్వ కొలువుల్లో కేసు దాచినవాళ్ల గురించి 2016లో అవతార్ సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు గీత గీసింది. కుర్రతనంలో జరిగిన చిల్లర నేరాన్ని దాచితే యజమాని క్షమించొచ్చు, పెద్ద నేరాన్ని దాచితే మాత్రం అది ఉద్యోగానికే ఎసరు పెట్టొచ్చు.

షాపులో దొరికిన ఆ తెలుగు పిల్లల విషయం ఇంకా కష్టం. పెన్సిల్వేనియా కంప్యూటరు రికార్డు మూసేసినా, వలస చట్టం దృష్టిలో ఆ శిక్ష అలాగే ఉంటుంది. తర్వాతి వీసాకు నింపే డీఎస్-160 ఫారంలో ఒక ప్రశ్న ఉంది. మీరు ఎప్పుడైనా ఏ నేరానికైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతుంది. క్షమాభిక్ష దొరికి ఉన్నా సరే చెప్పాలంటుంది. దాని కింద అవును, కాదు అని రెండు గడులు ఉంటాయి.