పెట్టలతో పుంజు నుంచవలెనా?

పెరటిలో నాలుగైదు పెట్టలను పెంచు రైతులలో పెక్కుమంది పుంజు లేనిదే పెట్ట గుడ్డు పెట్టదని తలంచుచుందురు. ఇది పొరపాటు. ఈడు వచ్చిన పెట్టకు తగిన మేతయు, నీరును, వెలుతురును ఉన్నచో పుంజు మొగము చూడకయే గుడ్లు పెట్టును. పుంజు నుంచినందువలన ఒక్క గుడ్డయినను అధికముగా పెట్టదు. పుంజువలన కలుగు భేద మొక్కటే: గుడ్డులో పిల్ల కాదగిన బీజము చేరును. కావున రైతు ముందుగా తనకు కావలసినవి గుడ్లా, పిల్లలా యని నిర్ణయించుకొనవలెను.

బీజము గల దానిని విత్తనపు గుడ్డనియు, లేని దానిని వట్టిగుడ్డనియు ఇందు వ్రాయుచున్నాము. ఇంతకంటె మంచి మాట మాకు తోచలేదు. వట్టి యనగా సారము లేనిదని యెవరును తలంపరాదు. రుచియందుగాని పుష్టియందుగాని రెంటికిని భేదము లేదు.

భేదమంతయు నిలువయుండుటలో కలదు. కోడి పొదుగునపుడు గుడ్డునకు సుమారు 37 లేక 38 డిగ్రీల వేడి తగులును. అయితే బీజము కదలుటకు అంత వేడి అక్కరలేదు. 27 డిగ్రీలు దాటినచో మెల్లమెల్లగా పెరుగ నారంభించును. తెలంగాణమునందు ఏప్రిల్, మే మాసములలో పగటివేడి 40 డిగ్రీలు దాటుట సామాన్యము. ఇంటిలోపల నీడనుంచిన బుట్టకును ఆ వేడి తప్పదు. అట్టి విత్తనపు గుడ్డులో రెండు మూడు దినములకే నెత్తుటి జీరలు పుట్టును. పిదప చాలినంత వేడి యెడతెగక తగులనందున బీజము చచ్చి గుడ్డు మురుగును. వట్టిగుడ్డులో పెరుగునదేమియు లేదు గనుక ఆ యెండలలో నదియే ఎక్కువ దినములు నిలుచును.

ఈ కరపత్రము వ్రాయువాడు ఈ సంగతిని తన యింటనే నేర్చుకొనెను. ఒక వైశాఖమాసమున వియ్యాలవారికి రెండు డజనుల గుడ్లను బుట్టలో పొట్టు పోసి పంపగా, మరునాడు వారు పగులగొట్టిన మూడింటిలోను ఎఱ్ఱని తీగెలు కనబడెను. అవి పెట్టి నాలుగు దినములే యైనదని యెంత చెప్పినను వారు నమ్మలేదు. అప్పుడు మా దొడ్డిలో ఆరు పెట్టలకు రెండు పుంజులుండెను.

గుడ్డు తినుటకు సందేహించువారిలో కొందరు వట్టిగుడ్డునకు ఒప్పుకొందురు. పాలు పుచ్చుకొనువారికి ఇట్టి గుడ్డునం దాక్షేపణ యుండ నక్కరలేదని మహాత్మా గాంధీగారు 1942లో నిర్బంధమునందుండి ఆరోగ్యమును గూర్చి వ్రాసిన గ్రంథమున తెలిపియున్నారు.

ఇక పుంజు ఖర్చు. పూర్తిగా ఇంటిమేతతో పెరుగు పుంజు దినమునకు సుమారు 100 గ్రాముల చొప్పున ఏడాదికి 36 కిలోల మేత తినును. తిరుగాడి యేరుకొని తినునది ఇంటిమేత కొంత మిగుల్చును గాని, అది యేరుకొన్న పురుగు పెట్టకు దక్కదు గదా. పుంజు గద్దను చూచి అరచి పెట్టలను హెచ్చరించునన్న మాట నిజమే. కాని ముంగిసను, కుక్కను అది ఆపజాలదు. ప్రొద్దుగుంకగనే గూటి తలుపు వేయుటయే వాటికి ఉపాయము.

ఇంత చెప్పినను, నాటుపెట్టలు గల రైతును పుంజు నమ్మివేయుమని మేము చెప్పము. నాటుపెట్ట ఏడాదికి పెట్టునది యేబది, అరువది గుడ్లు మాత్రమే. దాని లాభము పొదిగి పిల్లలను పెంచుటలో నున్నది. దానిక్రింద పది పండ్రెండు గుడ్లుంచి 21 దినములకు పిల్లలను లేపవలెనన్న పుంజు కావలసినదే. ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు చాలును. మూడు నాలుగు పెట్టలే యున్నచో పుంజు మాటిమాటికి ఎక్కుటవలన వాని వీపుమీది యీకలు రాలి గాయములగును. రెండు పుంజులున్న పోరు తప్పదు. చలికాలమున పుంజు నుంచి పిల్లలను లేపుకొని, ఎండలకు ముందు దానిని వేరుచేయుట మాకు మేలుగా తోచుచున్నది. వేరుచేసిన పిమ్మటను రెండు మూడు వారములవరకు విత్తనపు గుడ్లు వచ్చుచునే యుండునని మరువరాదు.

ఇచట ఒక చిక్కు కలదు. మన పుంజు లేకున్నను పొరుగువాని పుంజు మన దొడ్డికి రాకమానదు. కంచెయో వలయో లేనిదే వట్టిగుడ్లును దొరకవు, కోరిన జాతి పిల్లలును పుట్టవు.

ఆంబోతు నెన్నుటలో చూపు శ్రద్ధను పుంజు నెన్నుటయందును చూపవలెను. మందలోని ప్రతి పిల్లకును తండ్రి యదియే. దాని కూతుండ్రు గుడ్లకు వచ్చులోపల దానిని మార్చవలెను. అసీలు పుంజును కట్టినచో పిల్లలకు బరువు వచ్చును గాని గుడ్లు పెరుగవు. చిన్నపెట్టలు దాని బరువు నోర్వలేవు. పందెములకై పుంజును పెంచువారికి ఈ పత్రముతో పనిలేదు. కోళ్లను పోరాడించుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ననుసరించి నేరము.

హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధనాలయము పెరటి పెంపకమునకై సిద్ధపరచిన వనరాజ, గ్రామప్రియ కోళ్లు సంకరములు. వానికి పుట్టిన పిల్లలు తల్లివలె గుడ్లు పెట్టునను నమ్మకము లేదు. ఆ పెట్టలు పొదుగుటకును సాధారణముగా కూర్చుండవు. అట్టివానిని గుడ్లకొరకే పెంచువారు పుంజు నుంచుట వృథావ్యయము. మరల కావలసినపుడు పిల్లలనే కొనవలెను.

సంతనుండి పుంజును తెచ్చువారు దానిని వెంటనే పెట్టలలో విడువరాదు. మూడు వారములు దూరముగా గంపక్రింద నుంచి, దాని మేతపాత్రను నీటిపాత్రను వేరుగా వాడవలెను. పచ్చని విరేచనము, గురక, మెడ వంకర తిరుగుట కనబడినచో కొక్కెర తెగులుగా అనుమానించి పశువైద్యునకు తెలుపవలెను. ఆ తెగులు సోకిన పిమ్మట కుదుర్చు మందు లేదు. పెట్టలకు ముందుగానే టీకా వేయించి యుంచవలెను.