నిమ్మ కార్డియల్: వానల్లో గిరాకీ, వేసవిలో పోటీ

మిర్చికి కోల్డు స్టోరేజి వున్నది. ప్రత్తికి జిన్నింగు మిల్లు, బేలు, గోడౌను వున్నవి. ధర నచ్చకపోతే గుంటూరు వర్తకుడు సరుకు ఆపుకుని కూర్చోగలడు. అటువంటి ధీమా లేని సరుకు నిమ్మకాయ. తెనాలి యార్డుకు ప్రొద్దున చేరిన బస్తా ఆ రోజే పాటలో పోవాలి, లారీ ఎక్కాలి. మామూలు గదిలో వారం పది రోజులు వుంచితే తొక్క ముడుచుకుంటుంది, తూకం తరుగుతుంది, బేరం చెడుతుంది. అందువల్లనే నిమ్మరసాన్ని సీసాలో నిలవ వుంచే వ్యాపారం ఏదైనా ఈ మార్కెట్టువారు ఒక కన్ను వేసి వుంచవలసినదే. అటువంటి వాటిలో పేరుపడినది లైమ్ కార్డియల్. చక్కెర చేర్చి, పిప్పి తీసి తేటపరచిన నిమ్మరసం అది. బార్లలో జిన్నులోనూ, వోడ్కాలోనూ కలిపేది ఈ సరుకునే.

దీని పుట్టుక ఓడలతో ముడిపడి వున్నది. దూర ప్రయాణాలలో నావికులకు స్కర్వీ వ్యాధి సోకకుండా నిమ్మజాతి రసం ఇచ్చేవారు. రసం చెడకుండా రమ్ము కలిపి పీపాలలో పోసేవారు. 1867లో స్కాట్లాండులోని లీత్ రేవుకు చెందిన లాక్లన్ రోజ్ మద్యం చుక్క కలపకుండా రసాన్ని నిలవ చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. అదే ఏడాది బ్రిటిష్ మర్చంట్ షిప్పింగ్ చట్టం ఓడ సిబ్బందికి నిమ్మరసం ఇవ్వడాన్ని తప్పనిసరి చేసింది. గిరాకీ చట్టమే తెచ్చిపెట్టింది. అంతకంటే మంచి రోజు ఏ వర్తకునికైనా వుంటుందా? మద్యం లేకుండా నిలవ వుండడానికి తయారైన ఆ రసమే తరువాతి కాలంలో మద్యంలో కలపడానికి ప్రసిద్ధి కావడం విచిత్రం. జిన్ను, కార్డియల్ చెరిసగం కలిపిన పానీయానికి జిమ్లెట్ అని పేరు. బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు థామస్ జిమ్లెట్ పేరు మీదుగా వచ్చిందని కొందరు, చిల్లులు పొడిచే బరమా పేరే పానీయానికి పెట్టారని మరికొందరు చెబుతారు. నేటి బార్లలో చెరిసగం పద్ధతి తగ్గింది. మూడు పాళ్ళ జిన్నుకు ఒక పాలు కార్డియల్ పోసేవారే ఎక్కువ.

తెనాలి వర్తకులకు దీనితో సంబంధమేమిటంటే, రోజ్ కంపెనీ వాడిన వెస్టిండీస్ నిమ్మ, మన కాగితపు నిమ్మ ఒకే జాతివి. సన్నని తొక్క, ఘాటైన వాసన, గట్టి పులుపు దాని లక్షణాలు. అమెరికా బార్లలో కనిపించే గింజలేని పెద్ద కాయ వేరు. కనుక అసలు కార్డియల్‌కు తగిన కాయ ఏదంటే, అది మన యార్డులో పాటకు వచ్చే కాయే.

ఇక లెక్కకు వద్దాం. 1955 నాటి ఫ్రూట్ ప్రొడక్ట్స్ ఆర్డరు కార్డియల్‌కు కొలతలు నిర్ణయించింది. దాని స్థానంలో, 2006 నాటి ఆహార భద్రత చట్టం క్రింద 2011లో అమలుకు వచ్చిన నిబంధనలు కూడా ఆ కొలతలనే నిలిపి వుంచాయి. రసం 25 శాతానికి తగ్గరాదు. కరిగిన ఘనపదార్థం, అంటే ముఖ్యంగా చక్కెర, 30 శాతానికి తగ్గరాదు.

క్వింటాలు కాయ పిండితే 40 కిలోల రసం వస్తుందనుకుందాం. ఆ రసంతో 160 కిలోల కార్డియల్ తయారవుతుంది. అందులో చేర్చవలసిన చక్కెర కనీసం 45 కిలోలు. మిగిలిన 75 కిలోలు నీళ్ళు. 750 మిల్లీలీటర్ల సీసాలకు ఎత్తితే సుమారు 190 సీసాలు. రసం కంటే చక్కెర ఎక్కువ, చక్కెర కంటే నీళ్ళు ఎక్కువ అన్నమాట. కాబట్టి కార్డియల్ కంపెనీ లాభనష్టాలను తేల్చేవాటిలో నిమ్మ ధర ఒకటి మాత్రమే. చక్కెర ధర, సీసా ధర, రవాణా ఖర్చు కూడా అంతే ముఖ్యం. నిమ్మ రెండు రూపాయలు హెచ్చినంతలో ఆ కొనుగోలుదారు వెనుదీయడు. చక్కెర కూడా హెచ్చిననాడు పాటలో కనిపించడు.

అసలు కిటుకు గ్లాసు దగ్గర వున్నది. ఒక గ్లాసుకు 30 మిల్లీలీటర్ల కార్డియల్ పోస్తే, ఆ 190 సీసాలు దాదాపు 4,700 గ్లాసులకు వస్తాయి. అదే బారు యజమాని గ్లాసుకు ఒక కాయ చొప్పున పచ్చికాయ పిండితే, కాయ 45 గ్రాములు తూగితే, క్వింటాలులోని కాయలు 2,200 గ్లాసులకు మాత్రమే సరిపోతాయి. అంటే పచ్చికాయ వదిలి సీసా పట్టిన ప్రతి బారులోనూ నిమ్మ వాడకం సగానికి పడిపోతుంది. కార్డియల్ అమ్మకాలు పెరిగితే నిమ్మ మార్కెట్టు బిగుస్తుందని అనుకోవడం తొందరపాటు.

అయితే సరుకుకు కాలం కూడా వున్నది. జనవరి, ఫిబ్రవరి నెలల పూత జూన్ దాటాక కోతకు వస్తుంది. వానలు పడేవేళకు యార్డు బస్తాలతో నిండుతుంది. చల్లబడిన వాతావరణంలో నిమ్మ సోడా త్రాగేవారు తగ్గుతారు. కోత కూలి, సంచి, లారీ బాడుగ కూడా గిట్టని ధరలు ఆ నెలల్లోనే పలుకుతాయి. సెప్టెంబరు, అక్టోబరు పూతే వేసవి కాయ ఇస్తుంది. ఆ పూత ఈశాన్య రుతుపవనాల వానకు దొరికిపోవడం సర్వసాధారణం. 2021 చివర కురిసిన భారీ వర్షాలకు పూత దెబ్బతిన్నది. 2022 ఏప్రిల్‌లో చిల్లరగా ఒక్కొక్క కాయ 10 రూపాయలు పలికింది. సోడా బండ్లవారు, హోటళ్ళవారు కాయను సగం చేసి, పావు చేసి వాడిన రోజులవి. అటువంటి రోజుల్లో, ధర ముందే అచ్చువేసి వున్న సీసా వంక ఏ బారు యజమాని చూడడు?

కాబట్టి సీసా వానాకాలంలో మనకు కొనుగోలుదారు, వేసవిలో పోటీదారు. వానాకాలపు గిరాకీ మీద మరొక ఆశ కూడా పెట్టుకోవచ్చు. గజ్జి తెగులు మచ్చలున్న కాయను ఉత్తరాది కొనుగోలుదారులు ప్రక్కకు నెడతారు. ఆ మచ్చ తొక్క మీదనే. రసానికి అడ్డు కాదు. బాగా పండి పసుపు తిరిగిన కాయ దూర ప్రయాణానికి పనికిరాకపోయినా రసానికి మేలైనది. ఈ రెండు రకాలకూ పిండేవాడే సరైన బేరగాడు. రసాన్ని పొటాషియం మెటాబైసల్ఫైట్ వేసి పీపాలలో వుంచి, అడుగు తేరాక పైతేట తీస్తారు. చక్కెర, సీసా తరువాత చూసుకోవచ్చు. కాని ఎండకు రసం గోధుమరంగుకు తిరుగుతుంది, వాసన పోతుంది. గుంటూరు మే నెల ఎండలో రేకుల షెడ్డు క్రింద పీపాలు పెట్టినవాడు పెట్టుబడి మరిచిపోవలసినదే.

సీసా వ్యాపారానికి ఎక్సైజు శాఖతో పని లేదన్నది ఒక వెసులుబాటు. 1995 జనవరిలో రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో సడలింది. ఆ రెండేళ్ళూ బార్ల గిరాకీ పోయింది గాని, కార్డియల్ కిరాణా కొట్టు సరుకే గనుక దానికి నిషేధం లేదు. నీళ్ళలో, సోడాలో కలుపుకునేవారు కలుపుకున్నారు.

బెడద వేరొకచోట వున్నది. సిట్రిక్ యాసిడ్, చక్కెర పాకం, ఆకుపచ్చ రంగు, ఎసెన్సు కలిపితే చూపుకు కార్డియల్ లాగానే వుంటుంది, నిమ్మకాయ అవసరమే వుండదు. 25 శాతం రసం లేనిదానిని నిమ్మ కార్డియల్ పేరుతో అమ్మడానికి నిబంధనలు ఒప్పుకోవు. మద్యంలో కలిసిన తరువాత త్రాగేవాడు తేడా కనిపెట్టడం కష్టం. లేబిలు చదివే ఓపిక బారులో ఎవరికీ వుండదు. ఆ సీసాలు ఎన్ని అమ్ముడుపోయినా తెనాలి యార్డులో ఒక్క బస్తా కదలదు. కనుక వానాకాలంలో రసం కంపెనీ మనిషి బేరానికి వచ్చినప్పుడు కమీషన్ వ్యాపారులు ముందుగా అడగవలసినది నెలకు ఎన్ని సీసాలు అమ్ముతున్నావని కాదు, ఎన్ని క్వింటాళ్ళ కాయ పిండుతున్నావని.