పుస్తకం ఉంది, వెతికితే లేదంటోంది

గ్రంథాలయం వెబ్‌సైట్ తెరిస్తే మూడు సదుపాయాలు కనిపిస్తాయి. పైన పేరు టైప్ చేసే గడి, పక్కన టిక్కులు పెట్టుకునే వడపోతలు, ఇంకో మూల వరుస మార్చే మెనూ. సెర్చ్, ఫిల్టర్, సార్ట్. చూడ్డానికి ఒకే పనిలా ఉన్నా ఇవి వేసే ప్రశ్నలు వేరు. పాఠకుడు అడిగిన దానికి ఏది సరిపోలుతుంది? సరిపోలినవాటిలో ఏవి ఉంచాలి? ఉంచినవాటిలో ఏది ముందు? జవాబులు మనం చెప్పకపోతే కంప్యూటర్ అక్షరాల వెనకున్న సంఖ్యలను పోల్చి ఊరుకుంటుంది. తెలుగు పుస్తకాల జాబితా మీద ప్రయత్నిస్తే ఆ సంగతి వెంటనే బయటపడుతుంది.

సెర్చ్ కట్టేవాళ్లు సాధారణంగా డేటాబేస్‌ను 'పేరులో ఎక్కడైనా ఈ అక్షరాలున్నాయా' అని అడగడంతో మొదలుపెడతారు. కొన్ని వందల పుస్తకాలకు అది చాలు. లక్షల్లోకి వెళ్తే ప్రతిసారీ పట్టిక మొత్తం చదవాల్సి వస్తుంది, ఎందుకంటే మామూలు ఇండెక్స్ పేరు మొదటి అక్షరాలు తెలిస్తేనే పనికొస్తుంది. అందుకే సెర్చ్ ఇంజన్లు పుస్తకం చివర వేసే పదసూచిక లాంటిదాన్ని ముందే తయారు చేసుకుంటాయి: ఏ పదం ఏయే రికార్డుల్లో ఉందో అందులో ఉంటుంది. 1999లో డగ్ కటింగ్ మొదలుపెట్టిన లూసీన్, దాని ఆధారంగా వచ్చిన ఎలాస్టిక్‌సెర్చ్ ఈ పద్ధతిలోనే నడుస్తాయి.

'చలం కథలు' అని వెతికితే 'కథలు' ఉన్న పుస్తకాలు కుప్పలు తెప్పలుగా దొరుకుతాయి, 'చలం' ఉన్నవి కొన్నే. అరుదుగా కనిపించే పదానికే ఎక్కువ విలువివ్వాలన్న ఆలోచనను 1972లో కేరెన్ స్పార్క్ జోన్స్ ప్రతిపాదించారు. నేటి సెర్చ్ ఇంజన్లు ఫలితాలకు మార్కులు వేసే సూత్రాల్లో ఆ ఆలోచన ఇంకా ఉంది.

తెలుగులో అసలు చిక్కు అంతకంటే ముందే వస్తుంది. 'మైదానం' అనే పుస్తకం పేరులోని ఐత్వాన్ని, అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయొచ్చు, లేదా ఎత్వం, దాని కింది గుర్తు అనే రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. రెండూ సమానమేనని యూనికోడ్ ప్రమాణం చెబుతున్నా, ఉన్నదున్నట్టు పోల్చే ప్రోగ్రామ్ వాటిని వేరు పదాలుగా చూస్తుంది. పుస్తకం బీరువాలో ఉంటుంది, సైట్ మాత్రం లేదంటుంది. దీనికి మందు నార్మలైజేషన్: దాచే పాఠాన్నీ వెతికే మాటనూ ఒకే రూపంలోకి మార్చి, ఆ తర్వాతే పోల్చాలి. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల మధ్య పొల్లును నిలబెట్టడానికి చేర్చే కనిపించని అక్షరాన్నీ పోల్చేముందు తీసేయాలి.

విశ్వనాథ నవలను కొందరు 'వేయిపడగలు' అని కలిపి, కొందరు 'వేయి పడగలు' అని విడదీసి రాస్తారు. ఖాళీలు తీసేసిన పేరును అదనంగా దాచుకుంటే రెండు రకాలవాళ్లకూ పుస్తకం దొరుకుతుంది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'ను 'అసమర్ధుని' అని టైప్ చేసేవాళ్లకు కొదవలేదు. ఒక మాటను ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు దిద్దాలో లెక్కించే పద్ధతిని 1965లో వ్లదీమిర్ లెవెన్‌ష్టైన్ ఇచ్చారు. ఒక అక్షరం తేడాను మన్నిస్తే ఈ పుస్తకం దొరుకుతుంది. అదే మన్నింపు పొట్టి మాటలకూ ఇస్తే 'కల' అని వెతికినవారికి కళ, కథ కూడా వచ్చిపడతాయి. కాబట్టి పొడవాటి మాటలకే ఆ వెసులుబాటు ఇవ్వాలి.

వడపోతలో తర్కం చిన్నదే కానీ పొరపాట్లు ఎక్కువ. పాఠకుడు 'నవల', 'కథ' రెండింటికీ టిక్కు పెడితే ఏదో ఒకటి అయితే చాలని అర్థం. వాటితో పాటు రచయితగా చలాన్ని ఎంచుకుంటే, ఆ షరతు తప్పనిసరి. అంటే ఒకే వర్గం లోపల 'లేదా', వర్గాల మధ్య 'మరియు'. ప్రతి టిక్కు పక్కనా ఎన్ని పుస్తకాలున్నాయో అంకె చూపితే ఖాళీ పేజీకి వెళ్లే బాధ తప్పుతుంది. అయితే ఒక వర్గానికి అంకెలు లెక్కించేటప్పుడు అదే వర్గంలో పెట్టిన టిక్కులను పక్కన పెట్టాలి. లేకపోతే 'నవల' ఎంచుకోగానే 'కథ' పక్కన సున్నా పడుతుంది, పాఠకుడు కథలు లేవనుకుంటాడు. ఎంపికలన్నీ పేజీ చిరునామాలోనే ఉండాలి. అప్పుడు ఆ లింకును వాట్సాప్‌లో పంపినా అవతలివారికి అదే జాబితా తెరుచుకుంటుంది.

ఇక వరుస. యూనికోడ్‌లో 'ళ' స్థానం 'ల' తర్వాత, 'వ'కు ముందు. బడిలో నేర్చుకున్న వర్ణమాలలో అది 'హ' తర్వాత వస్తుంది. అందుకే సంకేతాల క్రమాన్నే నమ్ముకుంటే 'కవి' కంటే ముందే 'కళ' వచ్చేస్తుంది. 'క్ష' కూడా అంతే: 'క'తో మొదలయ్యే మాటల్లో కలిసిపోవాలా, అక్షరమాల చివర నిలబడాలా? డేటాబేస్‌లో కొలేషన్ అనే అమరిక ఉండేది ఇలాంటివి తేల్చడానికే. సంపుటాల సంఖ్యలను పాఠంగా దాచితే 1 తర్వాత 10, ఆ తర్వాత 2 వస్తాయి. వాటిని సంఖ్యలుగానే దాచాలి.

పేజీలు తిప్పేటప్పుడు ఇంకో తంటా ఉంది. ప్రచురణ సంవత్సరం ప్రకారం వరుస పెడితే, ఒకే ఏడాది వచ్చిన పుస్తకాల మధ్య క్రమం ఏమిటో డేటాబేస్‌కు తెలియదు. అడిగిన ప్రతిసారీ అదే క్రమంలో ఇస్తుందన్న హామీ లేదు. దాంతో మొదటి పేజీలో చూసిన పుస్తకం రెండో పేజీలో మళ్లీ కనిపించవచ్చు, ఇంకొకటి ఎక్కడా కనిపించకుండా పోవచ్చు. సంవత్సరం తర్వాత రికార్డు సంఖ్యను రెండో కొలతగా చేర్చితే సమస్య తీరుతుంది.

ఎంత జాగ్రత్తగా కట్టినా అన్ని రూపాలనూ ముందే ఊహించలేం. పాఠకులు ఏం టైప్ చేసినప్పుడు ఏమీ దొరకలేదో ఆ మాటలను, ఎవరు టైప్ చేశారన్నది వదిలేసి, ఒక పట్టికలో రాసిపెట్టుకోవాలి. వారానికోసారి గ్రంథాలయంలో పనిచేసేవారితో కూర్చుని దాన్ని చదవాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు పేర్లు, ఇంటిపేరు లేని రచయితలు, వాడుకలో మారిన వర్ణక్రమాలు అక్కడే దొరుకుతాయి. తర్వాత ఏం సరిచేయాలో ఆ పట్టికే చెబుతుంది.