గుర్రం చర్మం నుంచి నరాల కణాలు.. ల్యాబ్‌లో ఎలా తయారు చేస్తారు? మనకేంటి ఉపయోగం?

విశాఖ ఆటోనగర్‌లో లారీ సెల్ఫ్ మోటార్ మొరాయిస్తే మెకానిక్ ఏం చేస్తాడు? ఊడదీసి బల్ల మీద పెడతాడు. బ్యాటరీ వైర్లు తగిలించి చూస్తాడు. లోపం ఎక్కడుందో అక్కడే తేలిపోతుంది. కానీ జబ్బు మెదడుకో, నరాలకో వస్తే ఆ పని కుదరదు. బతికున్న గుర్రం మెదడులోంచి కణాలు తీసి పరీక్షించడం చాలా కష్టం, ప్రమాదం కూడా. చనిపోయాక తీస్తే అవి అప్పటికే పాడైపోయి ఉంటాయి. అందుకే సైంటిస్టులు వేరే దారి పట్టారు. నరాల కణాలను చర్మం నుంచే తయారు చేశారు.

ఎవరు చేశారు?

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా యూనివర్సిటీకి చెందిన రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్ టీమ్ 2014లో ఈ ఫలితాన్ని ప్రచురించింది. 1996లో క్లోనింగ్ గొర్రె డాలీ పుట్టింది ఈ సంస్థలోనే.

ఎలా చేశారంటే..

దీని వెనకున్న సూత్రం జపాన్ సైంటిస్టు షిన్యా యమనాకాది. ఎదిగిన కణంలోకి నాలుగు జన్యువులను పంపితే అది మళ్లీ పిండం దశకు వెళ్తుందని 2006లో ఎలుక కణాలతో ఆయన నిరూపించారు. 2012లో నోబెల్ అందుకున్నారు. అలా వెనక్కి వెళ్లిన కణాన్నే మూలకణం అంటారు. దాన్ని ఏ రకం కణంగానైనా పెంచొచ్చు.

రోస్లిన్ టీమ్ గుర్రం చర్మ కణాలను ఇలాగే మూలకణాలుగా మార్చింది. తర్వాత తగిన రసాయనాలు అందించి నరాల కణాలుగా ఎదగనిచ్చింది. చూడ్డానికి నరంలా ఉంటే సరిపోదు కదా! ఎలక్ట్రీషియన్ టెస్ట్ ల్యాంప్ పెట్టి చూసినట్టే, వాటిలో కరెంట్ సిగ్నల్ పుడుతోందో లేదో కూడా పరీక్షించారు. పుట్టింది.

గుర్రాలే ఎందుకు?

బ్రిటన్‌లో గుర్రాలకు 'గ్రాస్ సిక్‌నెస్' అనే జబ్బు వస్తుంది. పేగులను నడిపించే నరాలు దెబ్బతిని మేత కదలదు. చాలా గుర్రాలు చనిపోతాయి. అసలు కారణం ఇప్పటికీ పక్కాగా తేలలేదు. అనుమానం ఉన్న పదార్థాలను ముందు ల్యాబ్ కణాల మీద వేసి చూస్తే బతికున్న జంతువులపై ప్రయోగాలు తగ్గుతాయి.

మన దగ్గర సంగతేంటి?

మనకు గ్రాస్ సిక్‌నెస్ కంటే పెద్ద భయం మెదడువాపు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ మన దేశంలో 1955లో వెల్లూరు ప్రాంతంలో బయటపడింది. తెలుగు జిల్లాల్లోనూ పిల్లల ప్రాణాలు తీసింది. ఇదే వైరస్ గుర్రాల మెదడునూ దెబ్బతీస్తుంది. పందులు, కొంగల్లాంటి నీటి పక్షుల నుంచి క్యూలెక్స్ దోమ దీన్ని మోసుకొస్తుంది. గుర్రాన్ని కుట్టిన దోమతో మనిషికి మాత్రం అంటదు. ఎందుకంటే గుర్రం రక్తంలో వైరస్ అంత ఎక్కువగా ఉండదు. మనిషి విషయంలోనూ అంతే. కాబట్టి ఆర్కే బీచ్‌లో గుర్రం ఎక్కిన పిల్లల గురించి ఈ విషయంలో కంగారు అక్కర్లేదు.

ఈ జబ్బుకు నేరుగా వైరస్‌ను చంపే మందు ఇంకా లేదు. లక్షణాలు ముదిరిన ప్రతి 100 మందిలో 30 మంది వరకు చనిపోవచ్చు. బతికినవారిలోనూ కొందరికి ఫిట్స్, మాట రాకపోవడం లాంటివి జీవితాంతం మిగిలిపోతాయి. ఒకసారి చచ్చిన నరాల కణాల స్థానంలో కొత్తవి దాదాపు రావు మరి. వైరస్ ఆ కణంలోకి ఎలా దూరుతోంది, ఏ మందు ఆపుతోంది.. ఇలాంటి ప్రశ్నలకు ల్యాబ్‌లో పెంచిన కణాలే పనికొస్తాయి.

ఇదే మందా?

కాదు. గిన్నెలో పెంచిన కణాలకు రక్తం ఉండదు, రోగనిరోధక శక్తి ఉండదు. పైగా అవి లేత కణాలు. బల్ల మీద తిరిగిన మోటార్ బండికి బిగించాక కూడా తిరగాలి కదా, ఇదీ అంతే. మందు వచ్చేదాకా కాపాడేది టీకానే. వ్యాధి ఎక్కువగా ఉన్న జిల్లాల్లో పిల్లలకు రెండు డోసులు ఉచితంగా వేస్తారు. హైదరాబాద్ కంపెనీలు బయొలాజికల్ ఇ, భారత్ బయోటెక్ ఈ టీకాలు తయారు చేస్తున్నాయి. జ్వరంతో పాటు ఫిట్స్, మగత కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.